ఓడినవారి సమ్మతి: సమాఖ్య నుంచి ఒక దేశం ఎలా విడివడుతుంది

రాజ్యాంగ విషయాలు న్యాయవాదులకే పరిమితం కానక్కర్లేదని, బడిపిల్లలకూ ఊరి పెద్దలకూ కూడా వాటిని తేట తెలుగులో విడమరిచి చెప్పవచ్చని నమ్మి, ఆ పని జీవితాంతం చేసిన మాస్టారి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైంది. అందుకు తగినట్టే చిక్కైన ప్రశ్న ఒకటి ఎంచుకున్నాను. ఒక పెద్ద సమాఖ్యలో భాగంగా ఉన్న ప్రాంతం దాని నుంచి విడిపోయి స్వతంత్ర దేశంగా నిలదొక్కుకోవడానికి ఏం కావాలి? మెజారిటీ ప్రజలు కోరుకుంటే చాలునని ఎక్కువమంది జవాబు చెబుతారు. అది సగం జవాబేనని నా అభిప్రాయం. విడిపోదామన్నవారు ఎంత శాతం గెలిచారన్న లెక్క కన్నా, వద్దన్నవారు ఆ ఓటింగులో నిలబడి, ఓడి, ఆ ఓటమిని ఒప్పుకున్నారా అన్నదే ఆ దేశం భవిష్యత్తును నిర్ణయిస్తుంది. యూరప్‌లోని మోంటెనెగ్రో అనే చిన్న దేశం కథ ఆధారంగా ఈ మాటను నిరూపించడానికి ప్రయత్నిస్తాను.

ముందు ఒక తేదీని చూద్దాం. 1992 మార్చి 1. యుగోస్లావియా సమాఖ్య కూలిపోతున్న రోజులవి. స్లొవేనియా, క్రొయేషియా అంతకు ముందు ఏడాది జూన్ 25న స్వాతంత్ర్యం ప్రకటించాయి. ఈ విచ్ఛిన్నం నుంచి పుట్టిన చట్టపరమైన ప్రశ్నలను తేల్చడానికి యూరోపియన్ కమ్యూనిటీ ఒక మధ్యవర్తిత్వ సంఘాన్ని వేసింది. ఫ్రెంచి న్యాయకోవిదుడు రాబర్ట్ బదాంతేర్ దానికి అధ్యక్షుడు. బోస్నియా గుర్తింపు అడిగినప్పుడు ఆ సంఘం, అక్కడి ప్రజల ఇష్టం ఇంకా పూర్తిగా తేలలేదని, పౌరులందరూ పాల్గొనే ఓటింగు ద్వారా అది తేలవచ్చని సూచించింది. దాని ప్రకారం ఫిబ్రవరి 29, మార్చి 1 తేదీల్లో బోస్నియాలో ఓటింగు జరిగింది. పోలైన ఓట్లలో 99 శాతానికి పైగా స్వాతంత్ర్యానికే పడ్డాయి. కానీ జనాభాలో దాదాపు మూడో వంతు ఉన్న సెర్బులు మూకుమ్మడిగా బహిష్కరించారు. సంఘం అడిగింది పౌరులందరి ఓటు. జరిగింది మూడింట రెండు వంతుల ఓటు. నెల దాటగానే యుద్ధం మొదలైంది. సరయేవో నగరం 1996 ఫిబ్రవరి దాకా ముట్టడిలో ఉంది. సుమారు లక్షమంది చనిపోయారు.

అదే మార్చి 1న పక్కనే ఉన్న మోంటెనెగ్రోలో మరో ఓటింగు జరిగింది. సెర్బియాతో కలిసి యుగోస్లావియాలోనే ఉందామా అన్నది అక్కడి ప్రశ్న. దాదాపు 96 శాతం మంది ఉందామన్నారు. ఇక్కడ బహిష్కరించింది స్వాతంత్ర్యం కోరుకునేవారు, అల్బేనియన్లు, ముస్లింలు. సమైక్యతకు ఇంత భారీ తీర్పు వచ్చాక ఆ ప్రశ్న తరాల తరబడి మళ్లీ తలెత్తకూడదు. అయిదారేళ్లకే తలెత్తింది. పద్నాలుగేళ్లకు అదే మోంటెనెగ్రో అదే సెర్బియా నుంచి విడిపోయింది, అదీ 55.5 శాతం ఓట్లతో. 99 శాతం యుద్ధాన్ని ఆపలేకపోయింది, 96 శాతం సమైక్యతను నిలబెట్టలేకపోయింది, 55.5 శాతం మాత్రం ఒక దేశాన్ని నిలబెట్టింది. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఫలితం బలం గెలిచినవారి సంఖ్యలో లేదని తెలుస్తుంది. మొదటి రెండు ఓటింగుల్లో ఓడాల్సినవారు బరిలోనే లేరు. మూడోదాంట్లో ఉన్నారు.

వాళ్లు బరిలోకి ఎలా వచ్చారో అర్థం కావాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. మోంటెనెగ్రోకు రాజ్యంగా బతికిన చరిత్ర ఉంది. 1878 బెర్లిన్ మహాసభ దాన్ని స్వతంత్ర రాజ్యంగా గుర్తించింది. మొదటి ప్రపంచయుద్ధం ముగింపులో, 1918లో, పోడ్గొరిచాలో సమావేశమైన సభ రాజు నికోలాను తొలగించి రాజ్యాన్ని సెర్బియాలో కలిపింది. ఆ విలీనాన్ని కొందరు విముక్తి అన్నారు, కొందరు దురాక్రమణ అన్నారు. మరుసటి ఏడాది క్రిస్మస్ నాడు తిరుగుబాటు కూడా జరిగింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత యుగోస్లావియా నాయకుడు టిటో కట్టిన సమాఖ్యలో మోంటెనెగ్రో ఆరు రిపబ్లిక్కుల్లో ఒకటైంది. తక్కిన నాలుగూ వెళ్లిపోయాక 1992లో సెర్బియా, మోంటెనెగ్రో మిగిలాయి. కోటికి కాస్త అటూ ఇటూ జనమున్న సెర్బియా ఒకవైపు, సుమారు ఆరు లక్షల ఇరవై వేల జనమున్న మోంటెనెగ్రో మరోవైపు. ఇద్దరే సభ్యులున్న సమాఖ్యలో ఇంత తేడా ఉంటే చిన్నవాడి మాట చెల్లదు. 1997లో మోంటెనెగ్రో నాయకుడు మీలో జుకనోవిచ్ సెర్బియా నాయకుడు మిలోసెవిచ్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. 1999లో మోంటెనెగ్రో జర్మన్ మార్కును తన చలామణిలోకి తెచ్చుకుంది, తర్వాత యూరోకు మారింది. ఒకే దేశంలో రెండు నాణేలు నడిచాయి. ఆచరణలో విడిపోవడం మొదలై, చట్టంలో మాత్రం కలిసి ఉన్న దశ అది. సరిగ్గా ఇలాంటి దశలోనే తుపాకులు బయటికొస్తాయి. మిగతా యుగోస్లావియాలో వచ్చాయి కూడా.

ఇక్కడ రాలేదంటే దానికి కారణం మొదట ఒక గడువు, తర్వాత ఒక నియమావళి. యూరోపియన్ యూనియన్ ప్రతినిధి హవియేర్ సొలానా మధ్యవర్తిత్వంలో 2002 మార్చిలో బెల్‌గ్రేడ్ ఒప్పందం కుదిరింది. 2003 ఫిబ్రవరి 4న యుగోస్లావియా పేరు చరిత్రలో కలిసి, సెర్బియా-మోంటెనెగ్రో రాజ్యసమాఖ్య ఏర్పడింది. దాని రాజ్యాంగ పత్రంలోని 60వ అధికరణం ఈ ఉపన్యాసానికి ఆయువుపట్టు. మూడేళ్లు గడిచాక ఏ సభ్య రాజ్యమైనా ప్రజాభిప్రాయ సేకరణ జరిపి విడిపోవచ్చని అది చెప్పింది. మోంటెనెగ్రో విడిపోతే సమాఖ్య అంతర్జాతీయ వారసత్వమంతా సెర్బియాకు పోతుందని, కొసావోకు సంబంధించిన భద్రతా మండలి తీర్మానం 1244 కూడా సెర్బియాకే వర్తిస్తుందని కూడా అందులోనే రాశారు. అంటే తలుపు ఎక్కడుందో, ఎప్పుడు తెరుచుకుంటుందో, బయటికి వెళ్లేవారు ఏమేం వదులుకోవాలో ముందే లిఖితపూర్వకంగా ఉంది. మూడేళ్లూ ఇరుపక్షాలూ ఆ తేదీ చూసుకుంటూ రాజకీయం చేశాయి. ఎదురుచూడడానికి ఒక తేదీ ఉన్నప్పుడు ఉగ్రవాదానికి జనం మద్దతు దొరకదు.

తలుపు ఉంటే సరిపోదు, దాన్ని ఎంత బలంతో తోస్తే తెరుచుకుంటుందో కూడా తేల్చుకోవాలి. మోంటెనెగ్రోలో ఇదే అసలు తగాదా. 2003 జనాభా లెక్కల్లో తమను మోంటెనెగ్రిన్లుగా చెప్పుకున్నవారు 43 శాతం, సెర్బులుగా చెప్పుకున్నవారు 32 శాతం. అక్కడి ప్రజలు ఇంచుమించు రెండుగా చీలి ఉన్నారు. ప్రభుత్వం సాధారణ మెజారిటీ చాలంది. సమైక్యవాద పార్టీలు నమోదైన ఓటర్లందరిలో సగానికి మించి మద్దతు కావాలని పట్టుబట్టాయి, లేదంటే బహిష్కరిస్తామన్నాయి. యూరోపియన్ యూనియన్ దూతగా వచ్చిన స్లొవాక్ దౌత్యవేత్త మిరొస్లావ్ లాయ్‌చాక్ మధ్యేమార్గం సూచించాడు: ఓటర్లలో సగానికి మించి ఓటేయాలి, చెల్లిన ఓట్లలో కనీసం 55 శాతం స్వాతంత్ర్యానికి రావాలి. ప్రభుత్వానికి ఇది మింగుడుపడలేదు, అయినా మింగింది. ప్రతిపక్షం బహిష్కరణ మాట వదులుకుంది. 2006 మార్చి 1న, అంటే ఆనాటి రెండు బహిష్కృత ఓటింగులకు సరిగ్గా పద్నాలుగేళ్లకు, అధికార ప్రతిపక్షాలు కలిసి రిఫరెండం చట్టాన్ని ఆమోదించాయి. కమిషన్ మొదలుకొని పోలింగు బూతు దాకా ప్రతిచోటా ఇరుపక్షాల మనుషులు సమాన సంఖ్యలో కూర్చున్నారు. రిఫరెండం కమిషన్‌కు మాత్రం స్థానికుడెవరినీ పెట్టకుండా మరో స్లొవాక్ దౌత్యవేత్త ఫ్రాంటిషెక్ లిప్కాను అధ్యక్షుణ్ణి చేశారు. ఇరువైపులా సమానంగా చీలితే ఆయన ఓటే నిర్ణయాత్మకం.

ఇప్పుడు ఫలితాన్ని దగ్గర నుంచి చూద్దాం. 2006 మే 21న ఓటర్లలో 86 శాతానికి పైగా బూతులకు వచ్చారు. స్వాతంత్ర్యానికి అనుకూలంగా 2,30,661 ఓట్లు, వ్యతిరేకంగా 1,85,002 ఓట్లు పడ్డాయి. చెల్లిన ఓట్లలో 55 శాతమంటే 2,28,615. అంటే నలభై అయిదు వేల పైచిలుకు ఆధిక్యం ఉన్నప్పటికీ, ఒప్పుకున్న గీతను దాటింది రెండు వేల ఓట్లతోనే. ఒక మోస్తరు గ్రామ పంచాయతీ ఓటర్లంత మంది మనసు మార్చుకుని ఉంటే ఆ దేశం ఆనాడు పుట్టేది కాదు. సమైక్యవాద నాయకుడు ప్రెద్రాగ్ బులాతోవిచ్ పక్షం మళ్లీ లెక్కించమని ఫిర్యాదు చేసింది. ఆ ఫిర్యాదు కాగితాల మీద, కమిషన్ ముందు నడిచింది. తిరస్కరించాక వీధిపోరు రేగలేదు. జూన్ 3న పార్లమెంటు స్వాతంత్ర్యం ప్రకటించింది. జూన్ 5న సెర్బియా తానే వారసత్వ రాజ్యమని ప్రకటించుకుంది. జూన్ 15న సెర్బియా ప్రభుత్వం కొత్త దేశాన్ని గుర్తించింది. జూన్ 28న మోంటెనెగ్రో ఐక్యరాజ్య సమితిలో 192వ సభ్య దేశమైంది. ప్రకటన నుంచి సభ్యత్వానికి పట్టింది ఇరవై అయిదు రోజులు.

దీనికి మొదటి అభ్యంతరం ప్రజాస్వామ్యవాదుల నుంచే వస్తుంది. యాభై నాలుగు శాతం మంది స్వాతంత్ర్యం కోరితే నలభై ఆరు శాతం మంది మాట నెగ్గడం ఏం న్యాయం? ఒక్కొక్క ఓటు విలువ సమానం కాకుండా పోయినట్టే కదా? ఇది బలమైన అభ్యంతరం. ఆనాడు ఫలితం యాభైకీ యాభై అయిదుకూ మధ్య ఆగి ఉంటే ఏమయ్యేదోనన్న భయం అందరికీ ఉండేది. నేను 55 అనే అంకెను అన్ని దేశాలకూ సిఫారసు చేయడం లేదు. 2014లో స్కాట్లండ్ సాధారణ మెజారిటీ నియమంతోనే ఓటేసింది. లండన్, ఎడిన్‌బరో ప్రభుత్వాలు 2012లోనే ఒప్పందం చేసుకున్నందువల్ల 55 శాతం వద్దన్న ఫలితాన్ని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. అక్కడ సగం చాలింది, ఇక్కడ చాలలేదు. రెండుచోట్లా ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: ఓట్లు లెక్కపెట్టక ముందే గీత ఎక్కడ గీయాలో ఇరుపక్షాలూ కలిసి నిర్ణయించాయి. మోంటెనెగ్రోలో ఆ అదనపు అయిదు శాతం, ప్రతిపక్షాన్ని బహిష్కరణ నుంచి బూతుకు తీసుకురావడానికి చెల్లించిన మూల్యం. 86 శాతం పోలింగు చూశాక ఆ మూల్యం ఎక్కువని అనలేం.

రెండో అభ్యంతరం మరోవైపు నుంచి వస్తుంది. బయటికి పోయే దారిని చట్టంలో రాస్తే ఏ సమాఖ్య మిగులుతుందంటారు. ఈ ఆందోళనను తేలిగ్గా తీసేయకూడదు. ప్రపంచంలో చాలా సమాఖ్యల రాజ్యాంగాలు నిష్క్రమణ హక్కును గుర్తించవు. మన రాజ్యాంగమూ గుర్తించదు. మన సమాఖ్య రాష్ట్రాల మధ్య ఒడంబడిక నుంచి పుట్టలేదని, కనుక విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదని అంబేడ్కర్ 1948 నవంబరులో రాజ్యాంగ సభలోనే స్పష్టం చేశారు. 2014లో తెలంగాణ ఏర్పడింది మూడో అధికరణం కింద, దేశం లోపల. పౌరసత్వం, సైన్యం, నాణెం, సుప్రీంకోర్టు ఏవీ మారలేదు. దేశం లోపల రాష్ట్రం ఏర్పడడాన్నీ దేశం నుంచి విడిపోవడాన్నీ ఒకే గాటన కట్టడం పొరపాటు. అయితే హక్కు లేకపోవడం, విధానం లేకపోవడం రెండూ ఒకటి కావు. కెనడా సుప్రీంకోర్టు 1998లో క్యూబెక్ విషయంలో ఈ రెండింటినీ విడదీసి చూపింది. ఏకపక్షంగా వెళ్లిపోయే హక్కు క్యూబెక్‌కు లేదంది. కానీ స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే చర్చలకు కూర్చోవలసిన బాధ్యత మిగతా దేశానికి ఉంటుందని కూడా అంది. అంతకు మూడేళ్ల ముందు, 1995లో, క్యూబెక్ ఓటింగులో విడిపోవద్దన్నవారు గెలిచింది 50.58 శాతంతోనే. ఆ తీర్పు వచ్చాక కెనడా చీలలేదు, కలిసే ఉంది. దారి ఎక్కడుందో తెలిసినంత మాత్రాన జనం దారి పట్టిపోరు.

ఓటే లేకుండా విడిపోయిన దేశాలున్నాయి కదా అన్నది మూడో ప్రశ్న. చెకొస్లొవేకియా 1993 జనవరి 1న చెక్, స్లొవాక్ దేశాలుగా విడిపోయింది. ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు. ఇరువైపులా ఎన్నికైన ప్రభుత్వాలు మాట్లాడుకుని, సమాఖ్య పార్లమెంటే 1992 నవంబరు 25న తన రద్దు చట్టాన్ని ఆమోదించింది. ఉమ్మడి ఆస్తులను స్థూలంగా జనాభాను బట్టి రెండుకు ఒకటి చొప్పున పంచుకున్నారు. ప్రజలను అడగలేదన్న విమర్శ న్యాయమైనదే. కానీ అది నా వాదనను ఖండించదు, బలపరుస్తుంది. ఓటింగు అనేది సమ్మతిని కనుక్కునే సాధనాల్లో ఒకటి. సమ్మతి ఇతర మార్గాల్లో కుదిరితే శాంతి నిలుస్తుంది, కుదరకపోతే ఎంత ఘనమైన ఓటింగైనా నిలపలేదు. సింగపూర్ సంగతీ ఇలాంటిదే. 1965 ఆగస్టు 9న అది మలేషియా సమాఖ్య నుంచి బయటపడింది, నిజానికి బయటికి పంపబడింది. అయినా రెండు రోజుల ముందు సంతకం చేసిన విభజన ఒప్పందంలోనే జొహోర్ నుంచి వచ్చే నీటి ఒప్పందాలకు హామీ రాసుకున్నారు. కోపతాపాల మధ్య కూడా తాగునీటి మాట కాగితం మీదికి ఎక్కింది కనుక ఆ నీరు ఆగలేదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. పెద్ద రాజ్యం వినడానికే సిద్ధంగా లేనప్పుడు సమ్మతి కోసం ఎదురుచూడమనడం అణగారినవారికి అన్యాయం కాదా? ఎరిట్రియాను తలుచుకుంటే ఈ ప్రశ్న ముందు ఎవరైనా తల వంచాల్సిందే. ఐక్యరాజ్య సమితి తీర్మానంతో 1952లో అది స్వయంపాలిత భాగంగా ఇథియోపియాతో సమాఖ్యలో చేరింది. 1962లో చక్రవర్తి హైలే సెలాసీ ఆ సమాఖ్యను రద్దు చేసి దాన్ని మామూలు రాష్ట్రంగా కలిపేసుకున్నాడు. ఒప్పందాన్ని మొదట చించింది పెద్ద రాజ్యమే. అలాంటప్పుడు ముప్పై ఏళ్ల సాయుధ పోరాటాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. తూర్పు పాకిస్తాన్ విషయమూ అంతే. 1970 ఎన్నికల తీర్పును కాలరాసి, 1971 మార్చిలో సైన్యాన్ని ప్రజల మీదికి వదిలిన నాడే పాకిస్తాన్ సమాఖ్య నైతికంగా ముగిసింది. ఇలాంటిచోట్ల విడిపోవడం హక్కు అనే నేనూ అంటాను. కానీ విజయం తర్వాత జరిగింది కూడా చూడాలి. బంగ్లాదేశ్ 1971 డిసెంబరులో యుద్ధం గెలిచింది. 1972లో సమితి సభ్యత్వాన్ని చైనా వీటో అడ్డుకుంది. 1974 ఫిబ్రవరిలో పాకిస్తాన్ గుర్తించాకే, ఆ సెప్టెంబరులో సభ్యత్వం వచ్చింది. ఎరిట్రియా 1991లో సైనికంగా గెలిచి కూడా రెండేళ్లు ఆగి, ఇథియోపియా కొత్త ప్రభుత్వ సమ్మతితో, సమితి పర్యవేక్షణలో 1993 ఏప్రిల్‌లో ఓటింగు జరిపింది. అందుకే గుర్తింపు వెంటనే దొరికింది. సరిహద్దు మాత్రం కాగితం మీద తేల్చుకోలేదు. 1998లో బద్మే అనే చిన్న పట్టణం దగ్గర మొదలైన యుద్ధం వేలాది ప్రాణాలు తీసింది. సమ్మతితో తేల్చుకున్న అంశం నిలిచింది, వదిలేసిన అంశం రక్తం తాగింది.

మోంటెనెగ్రో పక్కనే కొసావో ఉంది. సెర్బియా పాలనలో అక్కడి అల్బేనియన్లు పడ్డ బాధలు ప్రపంచమంతా చూసింది. 2008 ఫిబ్రవరి 17న కొసావో స్వాతంత్ర్యం ప్రకటించింది. ఆ ప్రకటన అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించలేదని 2010లో అంతర్జాతీయ న్యాయస్థానం సలహా ఇచ్చింది. ఎన్నో దేశాలు గుర్తించాయి. ఐక్యరాజ్య సమితి తలుపు మాత్రం ఇప్పటికీ తెరుచుకోలేదు. ఉత్తర కొసావో సెర్బులతో చిక్కు ఇప్పటికీ తీరలేదు. ఒకే సెర్బియా నుంచి విడిపోయిన ఇద్దరిలో ఒకరికి ఇరవై అయిదు రోజులు పట్టింది, మరొకరు ఇంకా గుమ్మం బయటే ఉన్నారు. కొసావో కోరిక న్యాయమైనది కాదని దీని అర్థం కాదు. న్యాయం ఉన్నా సమ్మతి లేకపోతే ఎంత ఖరీదు చెల్లించాలో ఇది చూపిస్తుంది.

మోంటెనెగ్రోలో ఆ తర్వాత అంతా సవ్యంగా సాగిందని చెప్పను. అవినీతి ఆరోపణలు వచ్చాయి, ఒకే పార్టీ దశాబ్దాల తరబడి పాలించింది, 2019 చివరలో మత సంస్థల ఆస్తుల చట్టం మీద సెర్బియన్ ఆర్థడాక్స్ చర్చి భక్తులు నెలల తరబడి ఊరేగింపులు తీశారు. అసలు పరీక్ష 2020 ఆగస్టు 30న వచ్చింది. స్వాతంత్ర్యం తెచ్చిన జుకనోవిచ్ పార్టీ ఎన్నికల్లో అధికారం పోగొట్టుకుంది. గెలిచిన కూటముల్లో 2006లో వద్దని ఓటేసిన పక్షాలు కూడా ఉన్నాయి. ఆనాడు సమైక్యవాద శిబిరంలో ముందు వరసలో నిలబడిన ఆంద్రియా మందిచ్ 2023 అక్టోబరులో పార్లమెంటు స్పీకర్ అయ్యాడు. తాను వద్దన్న దేశపు చట్టసభకే ఆయన అధ్యక్షుడు. ఆ దేశం రద్దు కాలేదు, సెర్బియాలో మళ్లీ కలవలేదు. ఓడినవారు పదిహేడేళ్ల తర్వాత పెద్ద పీట ఎక్కినా దేశం చెక్కుచెదరలేదంటే, 2006 నాటి తీర్పు వాళ్లది కూడా అయింది కనుకనే. బహిష్కరించినవారికి ఈ భావన ఎన్నటికీ రాదు.

ముగించే ముందు విద్యార్థులకు ఒక విన్నపం. ఏదో ఒక ప్రాంతంలో తొంభై శాతం మంది స్వాతంత్ర్యం కోరారన్న వార్త మీరు మళ్లీ మళ్లీ చదువుతారు. 2017 సెప్టెంబరులో ఇరాక్ కుర్దిస్తాన్‌లో 92 శాతం దాటింది. మూడు వారాలకే కిర్కూక్ నగరం చేజారింది. ఆ అక్టోబరులో కాటలోనియాలో 90 శాతం వచ్చింది, ఓటేసింది మాత్రం ఓటర్లలో సగం కన్నా తక్కువ. ఇలాంటి వార్త చూసినప్పుడు ఉప్పొంగిపోకండి, కొట్టిపారేయకండి. నియమాలు ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, వద్దన్నవారు బూతుకు వచ్చారా, సరిహద్దు, అప్పులు, నీళ్లు ఎలా పంచుకుంటారో ముందే తేల్చుకున్నారా అని అడగండి. ఈ ప్రశ్నలకు జవాబు లేని స్వాతంత్ర్యం ఎంత న్యాయమైనదైనా, దాని బరువు చివరికి సరిహద్దు గ్రామాల్లోని పేదల మీదే పడుతుంది. విడిపోవాలనుకునే ప్రజలు గెలవడానికి ఎంత కష్టపడతారో, ఓడేవారిని తమతో నిలబెట్టుకోవడానికీ అంతే కష్టపడాలి. దేశం కట్టే పని అక్కడే మొదలవుతుంది.